మూడో డబ్బా వెనక అట్టముక్క

మా మరిది ఆ ఇనప బీరువాని ఇంటికి తెచ్చిన రోజు నేను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇద్దరు మనుషులు ఆయాసపడుతూ మోసుకొచ్చి పెరటి షెడ్డులో దించారు. నా నడుమెత్తు ఉంటుంది, బూడిదరంగు, తలుపు మీద ఎడమవైపు సొట్ట. ఆ సొట్ట చూడగానే గుర్తుపట్టాను, ఎందుకంటే అది నేను పెట్టిందే. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కోపం పట్టలేక కాలితో తన్నాను.

ఎక్కడిదని అడిగాను, తెలిసే అడిగాను. టాక్సీ కంపెనీ మూతపడ్డాక వాళ్ళ సామానంతా గోడౌన్లో పడి ఉందనీ, విరిగిన కుర్చీలతో పాటు దీన్ని కూడా తుక్కు కింద తోసేస్తుంటే తనూ, సరదా కోసం లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునే తన హాం రేడియో క్లబ్బువాళ్ళూ కలిసి తీసుకున్నామనీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ నా మొహంలోకి చూడలేదు.

చూడడు మరి. ఆ కంపెనీ కంట్రోలు రూములో పద్దెనిమిదేళ్ళు మైకు ముందు కూర్చున్నదాన్ని నేను. నూట పది టాక్సీలు, ఏ బండి ఎక్కడుందో, ఎవర్ని ఎక్కించుకోవాలో, ఏ డ్రైవరు భోజనానికని చెప్పి నిద్రపోతున్నాడో, అన్నీ నా నాలుక మీదే ఉండేవి. ఈ బీరువా ఆరో అంతస్తు మీద మేడగదిలో ఉండేది. దీన్ని రిపీటర్ అంటారు. చేసేది చిన్న పనే. ఒక చెవిన విన్న మాటని అప్పటికప్పుడే గట్టిగా మళ్ళీ చెప్పడం. ఊరి చివర కారులో కూర్చుని డ్రైవరు గొణిగినా ఇది ఎత్తు మీద నుంచి విని ఊరంతటికీ వినిపించేది. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. టాక్సీని పిలవడానికి మనిషి గొంతుతో పని లేకుండా పోయింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం మమ్మల్ని పిలిచి, సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు.

అది జరిగి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ నేను ఇంట్లో ఒక చోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. అటకమీద సామాను మూడుసార్లు దింపి మూడుసార్లు ఎక్కించాను. మా ఆయన మాట్లాడుతుంటే మధ్యలో "అర్థమైంది, తర్వాత?" అనేదాన్ని. పాపం ఆయన ప్రెస్సులో రోజంతా మిషన్ల మోత విని ఇంటికొచ్చేవాడు. కాలుగాలిన పిల్లిలా తిరక్కుండా కాసేపు కూర్చోవే అనేవాడు. కూర్చుంటే కుడిచెయ్యి దానంతటదే మైకు కోసం వెతికేది.

అలాంటి సమయంలో ఈ బీరువా నా వెనకాలే ఇంటికొచ్చింది. దాని మీద కోపమొచ్చింది. మర్నాడు పొద్దున ఎవరూ లేనప్పుడు షెడ్డులోకి వెళ్ళి తడిగుడ్డతో దాని తలుపు తుడిచాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా మరిది టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. చెయ్యి మంచిది, నోరే కాస్త దురుసు. టాక్సీల కోసం తయారైన పెట్టెని హాం రేడియో వాళ్ళకి పనికొచ్చేలా మార్చాలంటే అది వినే, మాట్లాడే ఛానెళ్ళు రెండూ మార్చాలి. అదొక ఎత్తు. అసలు తలనొప్పి బీరువా అడుగున ఉన్న ఆరు డబ్బాలది. పొడవాటి రాగిపూత డబ్బాలు, ముందు మూడు, వెనక మూడు. ఒకే యాంటెన్నాతో ఇది వినాలి, అదే క్షణంలో మాట్లాడాలి కూడా. దాని గొంతు దాని చెవిలోనే పడి చెవుడు రాకుండా అడ్డుకునేవి ఆ డబ్బాలే. ప్రతి డబ్బా నెత్తినా ఒక కడ్డీ, దాన్ని పట్టి ఉంచే నట్టు ఉంటాయి. కడ్డీని వెంట్రుకవాసి జరిపి మీటరు ముల్లు చూడాలి. కుదిరిందనుకుని నట్టు బిగిస్తే ఆ బిగింపుకే మళ్ళీ జరుగుతుంది. మా మరిది వారం రోజులు ఊపిరి బిగబట్టి ఆ డబ్బాల ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను కాఫీ ఇచ్చే నెపంతో వెళ్ళి ముల్లు చూసి వచ్చేదాన్ని.

డబ్బాలని కలిపే తీగల్ని మాత్రం ముట్టుకోలేదు. వాటిని పొడవు లెక్కకట్టి కోశారట, మారిస్తే మొదటికే మోసమట. క్లబ్బుకి పెద్ద అయిన లెక్కల మాస్టారు కూడా అదే మాట అన్నాడు. బళ్ళో రిటైరైనా ఆయనలో మాస్టారు రిటైరవలేదు. రూలు అంటే ప్రాణం. ఒకసారి నేను మైకు మీద దుమ్ము తుడుస్తుంటే, "అమ్మా, లైసెన్సు లేనివాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు" అన్నాడు, ఎంతో మర్యాదగా. పద్దెనిమిదేళ్ళు మైకు పట్టిన చేతికి ఆ మర్యాద చెంపదెబ్బలా తగిలింది. ఆ రోజే మా మరిది పాత పరీక్ష పుస్తకం అలమరలోంచి తీసి కుట్టుమిషను సొరుగులో దాచుకున్నాను.

డబ్బాల పని ముగిశాక మా మరిది బీరువాని శుభ్రం చేశాడు. బ్రష్షు పెట్టి మూలమూలలా ఊడ్చాడు. సాలెగూళ్ళు, బొద్దింక రెక్కలు, తుప్పు రజను. దాంతోపాటు మూడో డబ్బా వెనక నుంచి ఒక అట్టముక్క లాగి చెత్తబుట్టలో పడేశాడు.

దాన్ని నేను చూశాను. టాక్సీ ట్రిప్పులు రాసుకునే మా ఆకుపచ్చ పుస్తకం అట్ట, ఎనిమిది మడతలు. ఆ మడత నా చేతిది.

ఆ కథ ఇదీ. కంపెనీలో రద్దీ పెరిగి అరగంటపాటు ఆగకుండా మాట్లాడితే పెట్టె వేడెక్కి లోపలి ఫ్యాను తిరిగేది. ఫ్యాను తిరగ్గానే డ్రైవర్ల మాటలు ముక్కలు ముక్కలయ్యేవి. మేము పంపేది వాళ్ళకి వినబడేది, వాళ్ళు చెప్పేదే మాకు కోసుకుపోయి వచ్చేది. కంపెనీ మెకానిక్కు ఒకాయన ఎక్కడెక్కడో తడిమి, ఫ్యాను అదురుకి మూడో డబ్బా వెనక తీగ మొదట్లో ఏదో కదులుతోందని కనిపెట్టాడు. కంపెనీని అడిగితే కొత్తది కొనరు. అందుకని అట్ట మడిచి తీగకీ బీరువా గోడకీ మధ్య దోపాడు. అంతే, నోరు మూసుకుని పనిచేసింది. ఏడాదికోసారి అట్ట మెత్తబడి జారేది. ఆయన రిటైరయ్యాక ఆ పని నాదైంది. ఆరంతస్తులు ఎక్కి అట్ట మార్చి వచ్చేదాన్ని. తలుపుకి సొట్ట పెట్టింది కూడా అలాంటి రోజునే.

చెప్దామని నోరు తెరిచాను. ఆ అట్ట ఎందుకుందో తెలుసా అని మొదలుపెట్టేలోపే మా మరిది అడ్డొచ్చాడు.

"వదినా, నువ్వు దీంతో మాట్లాడావు. దీని లోపల సంగతి వేరు."

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. సరే, నీ లోపలి సంగతి నువ్వే చూసుకో అనుకుని ఖాళీ గ్లాసు తీసుకుని వచ్చేశాను. సాయంత్రం చెత్తబుట్ట ఖాళీ చేసింది కూడా నేనే. అట్ట చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ పడేశాను. అప్పుడు నాలో ఉన్నది ఉత్త పంతం.

షెడ్డులో పరీక్షలు బ్రహ్మాండంగా జరిగాయి. జరక్కేం. ఈ హాం రేడియో వాళ్ళు మాట్లాడుకునేది "వినబడుతోందా?", "వినబడుతోంది." అంతకు మించి వాళ్ళ దగ్గర కబుర్లుంటే కదా. పెట్టె వేడెక్కే అవకాశమే ఇవ్వలేదు. ఫ్యాను ఒక్కసారి కూడా తిరగలేదు.

పెట్టెకి చోటు కొండమీద నీళ్ళ ట్యాంకు పక్క గదిలో దొరికింది. నీళ్ళ శాఖ ఇంజనీరు ఒక షరతు పెట్టాడు. వచ్చే ఆదివారం లోయలో పరుగుపందెం ఉంది, నాలుగు వందలమంది పరిగెత్తుతారు, అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. దారి పొడుగునా క్లబ్బువాళ్ళు నిలబడి రేడియోతో కబురందించాలి. అది సవ్యంగా జరిగితే గది మీదే. ఫిర్యాదు వస్తే సోమవారానికల్లా ఖాళీ చెయ్యండి, అన్నాడు. ఖాళీ చేస్తే ఎక్కడికి? మా షెడ్డులో మా ఆయన కొయ్యసామాను వస్తోంది. క్లబ్బులో మిగతావాళ్ళకి ఇంకో ఎత్తయిన చోటు లేదు. మళ్ళీ తుక్కు దుకాణమే.

పెట్టెని నూట నలభై మెట్లు మోసి ఎక్కించిన రోజు నేనూ వెళ్ళాను, స్క్రూలడబ్బా పట్టుకుని. ట్యాంకు కమ్మీకి యాంటెన్నా బిగించారు. వాల్వులు తిప్పే పెద్దాయన తాళాలగుత్తి ఊపుకుంటూ నిలబడి చూశాడు. తలుపు మీద లోపలికి రాదగినవాళ్ళ పేర్లు మూడు అంటించారు. నా పేరు లేదు. తీగ బిగిస్తుంటే నేను వెనక నుంచి "ఎక్కువసేపు మాట్లాడితే ఇది..." అంటుండగానే, "పరీక్షలన్నీ అయ్యాయి వదినా" అన్నాడు మా మరిది. నా నోటికి మళ్ళీ తాళం పడింది. దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా ఆగాను. చెప్పాలా వద్దా, చెప్పాలా వద్దా. మోయడానికి సాయం వచ్చిన మా ఆయన, నీకు మోకాలు నొప్పా అని అడిగాడు. అవునన్నాను.

ఆ నాలుగు రోజులూ నిద్ర సరిగ్గా లేదు, తిండి సరిగ్గా లేదు. పరీక్ష పుస్తకం తెరిస్తే అక్షరాలు ఎక్కలేదు. ఒకటి మాత్రం ఎక్కింది. తొమ్మిదో పాఠంలో ఒక రూలు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, వేరే దారి లేనప్పుడు, ఎవరైనా సరే ఏ రేడియోనైనా వాడొచ్చు.

ఆదివారం పొద్దున్నే అందరూ లోయకి వెళ్ళిపోయారు. నేను మా మరిది పాత చేతిసెట్టు, అదే, చేత్తో పట్టుకుని తిరిగే చిన్న రేడియో, బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. వినడానికి లైసెన్సు అక్కర్లేదు. ఎనిమిది చోట్ల ఎనిమిదిమంది, ఒకటి నుంచి ఎనిమిది దాకా నెంబర్లు. ఎనిమిదో నెంబరు గమ్యం దగ్గర మా మరిది, పక్కనే మాస్టారు, అంబులెన్సు. ఆరున్నరకి పందెం మొదలైంది. మాటలు అద్దంలా వస్తున్నాయి. కొండ మీది పెట్టె పది నిమిషాలకోసారి తన లైసెన్సు గుర్తుని ఈలవేసి చెప్తోంది. ఆ ఈల మా మరిది కొత్తగా నేర్పాడు. టాక్సీల కాలంలో దానికి ఈలలు వచ్చేవి కావు.

తొమ్మిదిన్నర దాటాక పరుగువాళ్ళు అన్ని చోట్లకీ ఒకేసారి చేరారు. నీళ్ళు అయిపోయాయని రెండో నెంబరు, దారి తప్పారని నాలుగో నెంబరు, సందు లేకుండా మాట్లాడుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. గోడ గడియారం చూశాను. ఇరవై నిమిషాలు. ఇరవై అయిదు. ఇప్పుడు ఫ్యాను తిరుగుతుంది అనుకున్నాను. ఆరో నెంబరు మాట మధ్యలో తెగింది.

తర్వాత అన్నీ ముక్కలే. మాస్టారు గొంతు "మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి" అనడం కూడా ముక్కలుగానే వచ్చింది. నా పంతం అక్కడ నాలుగు వందలమంది మధ్య మోగుతోంది. మా మరిదికి ఫోను చేశాను, లోయలో ఎందుకు మోగుతుంది. బల్ల మీద చేతిసెట్టు, దాని పక్కవైపు మాట్లాడే మీట. దాన్ని నొక్కినా నా మాటా అదే తెగిన తీగ గుండా పోవాలి. సంచీలో పుస్తకమూ చేతిసెట్టూ పడేసుకుని మా ఆయన స్కూటరు తీశాను.

కొండ కింద స్కూటరు ఆపి మెట్లెక్కాను. నూట నలభై మెట్లలో ఎక్కడ ఆగానో గుర్తు లేదు. ఎక్కడా ఆగలేదేమో. పెద్దాయన గది బయటే కూర్చుని ఉన్నాడు. తలుపు మీద నా పేరు లేదని ముందు నేనే చెప్పాను, పేర్లున్న ముగ్గురూ లోయలో ఉన్నారని కూడా చెప్పాను. ఆయన గుత్తిలోంచి తాళంచెవి వెతుకుతుండగా సంచీలో చేతిసెట్టు గరగరలాడింది. అందులో "ఐదు", "పడిపోయాడు", "తెలివి లేదు" అన్న మూడు ముక్కలు విన్నాం. ఆయన తలుపు బార్లా తీశాడు.

లోపల ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బీరువా వెనక్కి చెయ్యి పెట్టాను. మూడో డబ్బా, దాని మొదట్లో తీగ. వేలు ఆనించగానే సెట్టులో మాట అతుక్కుంది, వేలు తియ్యగానే తెగింది. అట్ట కావాలి. గదంతా వెతికాను. మా మరిది ఎంత శుభ్రంగా ఊడ్చాడంటే చీపురుపుల్ల కూడా లేదు. సంచీలోంచి పుస్తకం తీసి దాని అట్ట చింపాను. ఎనిమిది మడతలు పెట్టి తీగకీ గోడకీ మధ్య దోపాను.

మాటలు శుభ్రంగా వచ్చాయి. వచ్చినా లాభం లేకపోయింది. అంతసేపు వినబడక కంగారుపడ్డ ఎనిమిదిమందీ ఒకేసారి మీటలు నొక్కుతున్నారు. ఒకరి మీద ఒకరు పడి కీచుమంటున్నాయి గొంతులు. ఐదో నెంబరు పాపం నడిమధ్య నలిగిపోతున్నాడు. ఒకడు ఎండకి తెలివితప్పి నేలమీద పడి ఉన్నాడు, అంబులెన్సు రెండు మైళ్ళ దూరంలో ఏ వైపు వెళ్ళాలో తెలియక నిలబడి ఉంది. మాస్టారు నిశ్శబ్దం నిశ్శబ్దం అంటున్నాడు, అది కూడా ఆ గోలలో కలిసిపోయింది. క్లాసులో ఎలా చెప్పేవాడో తెలియదు కానీ రేడియోలో అలా చెప్తే ఎవరూ వినరు.

బీరువా పక్క కొక్కానికి మైకు వేలాడుతోంది. పెట్టెని పరీక్షించడానికి పెట్టుకున్న మైకు, దాన్నుంచి మాట్లాడితే ఎవరి గొంతునైనా తొక్కేసి లోయంతా వినబడుతుంది. నా చెయ్యి దాని మీదికి వెళ్ళింది. నేను మాట్లాడితే ఫిర్యాదు వస్తుందా, సోమవారం పెట్టె దిగుతుందా. దిగితే దిగనీ, ముందు మనిషి బతకాలి. తొమ్మిదో పాఠం అనుకుని మీట నొక్కాను.

"అందరూ మీట వదలండి. ఐదో నెంబరు ఒక్కరే మాట్లాడాలి. ఐదో నెంబరు, ఎక్కడున్నారో చెప్పండి."

గొంతులన్నీ ఠక్కున ఆగిపోయాయి. నూట పదిమంది డ్రైవర్లు పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ అంత తొందరగా ఆగలేదు. ఐదో నెంబరు చెప్పాడు. రెండో వంతెన దాటాక ఎడమవైపు మట్టిదారి, రాళ్ళగుట్ట పక్కన. నేను అదే తిరిగి చెప్పి అవునా అని అడిగాను. అవునన్నాడు. అంబులెన్సుని ఆ దారిన పంపమని గమ్యానికి చెప్పాను. తర్వాత మా మరిది గొంతు.

"వదినా, నువ్వా?"

"పేర్లొద్దు. నెంబరు చెప్పి మాట్లాడండి."

"ఎనిమిది," అన్నాడు బుద్ధిగా. "అంబులెన్సు బయల్దేరింది."

ఆ తర్వాత గంటన్నరపాటు నేనే ఒక్కొక్కర్నీ పిలిచి, ఒక్కొక్కరి మాటా తీసుకుని, కావలసినవాళ్ళకి అందించాను. పడిపోయినతనికి తెలివొచ్చిందనీ, ఆస్పత్రికి తీసుకెళ్తున్నారనీ కబురు వచ్చాక మైకు కొక్కానికి తగిలించాను. పెద్దాయన మంచినీళ్ళు ఇచ్చాడు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఒక చోట కదలకుండా కూర్చున్నానని అప్పుడు గమనించాను.

సాయంత్రం మా మరిది, మాస్టారు కొండెక్కి వచ్చారు. మా మరిది నేరుగా బీరువా వెనక్కి వెళ్ళి అట్ట చూశాడు, తీగ మొదట్లో కనెక్టరు విప్పి చూశాడు. లోపల సోల్డరు అతుకు వెంట్రుకంత చీలి ఉంది. కొలతలన్నీ తీశాను గానీ వేడెక్కించి చూడలేదు, అన్నాడు నేలకేసి చూస్తూ.

నేనూ దాచుకోదలచలేదు. "నువ్వు అట్ట పారేసినప్పుడు నేను చూశాను. అదెందుకో నాకు తెలుసు. నీ మాటకి ఒళ్ళు మండి చెప్పలేదు. ఇవాళ అతనికి ఏమన్నా అయ్యుంటే అందులో నా వాటా కూడా ఉండేది."

మా మరిది కనెక్టరు గుప్పిట్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. పందెం నడిపినవాళ్ళు ఇంజనీరుకి ఫోను చేసి ధన్యవాదాలు చెప్పారట, గదికి ఢోకా లేదట. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఏ రూలు ప్రకారం మాట్లాడావమ్మా అని అడిగాడు. తొమ్మిదో పాఠం అన్నాను. ఏ పేజీ అన్నాడు. అట్ట లేని పుస్తకం తీసి, పెన్సిలు గీత పెట్టిన చోటు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. పెన్సిలు గీతల మీద వేలు జరుపుతూ ఇంకో నాలుగు పేజీలు తిప్పాడు. ప్రతి పేజీలోనూ గీతలున్నాయి.

ఆయన సంచీలోంచి క్లబ్బు లాగ్ పుస్తకం తీశాడు. ఎవరు ఎప్పుడు మాట్లాడారో రాసేది. సమయం రాశాడు, విషయం రాశాడు. మాట్లాడినవాళ్ళ లైసెన్సు గుర్తు రాయాల్సిన గడి దగ్గర కలం ఆగింది.

"ఇక్కడేం రాయమంటావమ్మా?"

"ఖాళీగా వదిలెయ్యండి మాస్టారూ. వచ్చే నెల పన్నెండున పరీక్ష. దరఖాస్తు పంపించాను. గుర్తు రాగానే నేనే వచ్చి నింపుతాను."

అప్పుడు మా మరిది తలెత్తి నా మొహంలోకి చూశాడు.